సుద్దగీత తెగిన చోట

ఓడ అంటే కత్తిలా నీటిని కోసుకుపోయేదని అందరం అనుకుంటాం. యుద్ధట్యాంకులను మోసే ఓడ అలా ఉండదు. ఇసుక మీదికి ఎక్కి, ముక్కు తెరిచి, ట్యాంకులను నేరుగా ఒడ్డుకు దింపాలి కనుక దాని అడుగు పళ్లెంలా చదును. అలల్లో నిలకడ తక్కువ. పైగా సముద్రం ఎక్కడ గుద్దుతుందో సరిగ్గా అక్కడే గుమ్మం. ఎన్ని దేశాలు తిరిగినా ఇంత తెగించి కట్టిన వాకిలి మరొకటి కనబడదు.

ఆ గుమ్మాలను ముప్పై ఏళ్లుగా పరీక్షిస్తున్న మనిషిని రేవులో అందరూ సుద్దముక్క అనేవారు. ఇనుప అంచుకు సుద్ద రాసి, గుమ్మానికి తలుపులా పనిచేసే లోపలి ర్యాంపును ఎత్తి మూయించి, మళ్లీ తెరిపించేవాడు. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మీద గీత తెగకుండా పడితే నీరు రాదు. తెగితే అక్కణ్ణుంచే వస్తుంది. ఇంట్లో కిటికీలకు కూడా సుద్ద రాసి చూస్తాడని భార్య దెప్పేది. ఇంత చేసీ ఆయన ఒక్కసారైనా ఓడలో ప్రయాణం చేయలేదు; కడుపులో తిప్పుతుందట.

ఆ ఉదయం గీత తెగింది. ఎడమ కింది మూలలో, జానెడు మేర. తనిఖీకి తళతళలాడాలని ఎవరో రబ్బరుకూ రంగు పూసేశారు. రంగు కింద అది గట్టిపడి బీటలు వారింది. మార్చాలంటే మూడు రోజులు. ఓడ కదిలేది మధ్యాహ్నం. లోపల ట్యాంకులకు గొలుసులు బిగిస్తున్న నావికుడు ఆయన అల్లుడే.

తనిఖీ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు సుద్దముక్క. సూపర్‌వైజర్ అరవలేదు. ఆయన చేతిలోని సుద్ద తీసుకుని, తెగినచోట తానే గీత కలిపాడు.

"ఇప్పుడు సరిపోయిందా?"

"గీత కలిసింది సార్. రబ్బరు కలవలేదు."

సంతకం సూపర్‌వైజరే పెట్టుకున్నాడు.

ఓడ దిగిపొమ్మని సుద్దముక్క అల్లుణ్ణి బతిమాలాడు. దిగితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, జైల్లో కూర్చోబెడతారన్నాడు అల్లుడు, నవ్వుతూనే. "మీ కిటికీల్లోంచి ఎప్పుడూ జల్లు కొట్టలేదా మామయ్యా? తుడుచుకుంటాంలెండి."

మధ్యాహ్నం రబ్బరు చుట్టా, చెక్క చీలలూ నింపిన సంచి భుజాన వేసుకుని సుద్దముక్క ఓడ ఎక్కాడు. రోజూ చూసే మొహమే కనుక కాపలావాడు ఆపలేదు. అల్లుడి నవ్వు మాత్రం ఆగిపోయింది.

"మీకు కడుపులో తిప్పుతుందిగా."

"తిప్పనీ."

ర్యాంపు లేచింది. పగటి వెలుతురు సన్నని చీలికై, ఆరిపోయింది. రేవుగోడ దాటగానే మొదటి అల గుద్దింది. ట్యాంకులన్నీ గొలుసుల్లో ఒక్కసారి మూలిగాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఎడమ మూలకు అరచేయి ఆనించాడు. తీసి నాలుకకు తాకించుకున్నాడు.

ఉప్పగా ఉంది.

"సంచి ఇలా అందుకో," అన్నాడు అల్లుడితో.