అరచేయంత పువ్వు

పాతబస్తీ ఛత్రినాకలో కీమన్ డానియేలు ఇల్లెక్కడని అడగండి. పాల ప్యాకెట్లు అమ్మే ఆమె నుంచి పంక్చర్లు వేసే అతని దాకా అందరూ "పూల డానియేలా?" అని ఒక నవ్వు నవ్వి, ఆ తర్వాతే దారి చూపిస్తారు. ఆ నవ్వు వయసు ముప్పై ఏళ్లు. మనిషికి వంక పెట్టడానికి లేదు. మాట మెత్తన, ఒకరి జోలికి పోడు, ఒకరిని తన జోలికి రానివ్వడు. పూల ఊసెత్తితే మాత్రం ఇక పట్టపగ్గాలుండవు. కోతలు కోస్తాడని గల్లీ అంతా ఏనాడో తేల్చేసింది. తేల్చినవాళ్లలో ఆయన భార్య బేబీ కూడా ఉంది. అసలు బాధ అదీ.

ఆయన పనేమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఈ పువ్వు సంగతి ఎవరికీ అర్థం కాదు. రైల్వేలో కీమన్ అంటే పట్టాలకు కాపలా మనిషి. తెల్లవారి ఆరున్నరకల్లా భుజాన బరువైన సుత్తె, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా, సంచిలో పానా పెట్టుకుని తనకు అప్పజెప్పిన ఆరు కిలోమీటర్లు నడిచి పోవాలి, నడిచి రావాలి. ఎక్కడ క్లిప్పు వదులైందో, ఎక్కడ బోల్టు జారిందో చూసి, ఒక దెబ్బ వేసి బిగించాలి. వేలమంది కునుకు తీస్తూ పోయే దారిని ఒక్క మనిషి తల వంచుకుని నడుస్తూ చూసుకుంటాడు. ముప్పై ఏళ్లు తల వంచుకుని నడిచినవాడికి నేలమీద ఏముందో తెలియకుండా ఎట్లా ఉంటుంది చెప్పండి?

ఆ పూల పిచ్చి అలా పట్టుకుంది. దసరా వెళ్లి చలిగాలి తిరిగిందంటే కంకర పక్కన తుమ్మి తెల్లగా విచ్చుకుంటుంది. వాకుడు ముళ్ల నడుమ ఊదారంగు పువ్వు పెట్టుకుంటుంది. పేర్లు తెలియనివాటికి డానియేలే పేర్లు పెట్టేవాడు, తెలిసినవాటికీ పెట్టేవాడు. ఒళ్లంతా ముళ్లు పెట్టుకుని పైకి పచ్చగా నవ్వే బ్రహ్మదండికి 'స్టేషన్ మాస్టర్' అని పేరు. ఎక్కడికి పోయినా ఎదురయ్యే గడ్డిచామంతికి 'మా బామ్మర్ది' అని. దొరికిన పువ్వునల్లా తెచ్చి పాత టైంటేబుల్ పుస్తకాల్లో అణిచి దాచేవాడు. అలాంటి పుస్తకాలు ఇంట్లో పదకొండున్నాయి. బేబీ వాటిని ట్రంకు పెట్టెలోకి తోసి మంచం కిందికి నెట్టింది.

ఆ పుస్తకాల్లో లేని పువ్వు ఒకే ఒక్కటి. మన కథ దాని గురించే.

ఊరి దక్షిణం అంచున పట్టాల మీదుగా ఒక నడక వంతెన ఉంది. దాని మెట్లు దిగితే పాత కాలిబాట, ఇప్పుడు దానిమీద ఎవరూ నడవరు. బాట పక్కన గులకరాళ్ల మొరం నేల. చలికాలం ఎండ పడగానే ఆ నేలంతా నీలమైపోతుందట. అట అని ఎందుకంటున్నానంటే డానియేలు తప్ప చూసినవాళ్లు లేరు. పొద్దెక్కాక విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోయే పువ్వది. కోస్తే చేతిలోనే కళ్లు మూస్తుంది. టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ వేసి తెచ్చాడు. సాయంత్రం అందరినీ పిలిచి మూత తీస్తే నలిగిన దారప్పోగు లాంటిదేదో ఉంది. పుస్తకంలో పెడితే మరక మిగిలింది. ఈ మధ్య ఫోనులో ఫొటో తీసి తెచ్చాడు. కూతురు ప్రీతి బళ్లో టీచరు, ఓపికగలది. ఫొటోను పెద్దది చేసి, చిన్నది చేసి, అటు తిప్పి ఇటు తిప్పి, "డాడీ, దీంట్ల గడ్డి ఉంది. గడ్డి మాత్రం మంచిగుంది" అంది.

మరి తీసుకెళ్లి చూపించొచ్చు కదా అంటారు మీరు. మెలికంతా అక్కడే ఉంది. వారంలో ఆరు రోజులు ఆ వేళకు ఆయన డ్యూటీలో ఉంటాడు. డ్యూటీలో ఉన్నవాడు ఇంటివాళ్లను వెంటేసుకుని తిరగకూడదు, డానియేలు రూలు తప్పే మనిషి కాదు. మిగిలింది ఆదివారం. ఆదివారం తొమ్మిదింటికి చర్చి. బేబీ ఆదివారపు బళ్లో పిల్లలకు పాటలు నేర్పే టీచరమ్మ, కాన్పు వారాలు తప్పిస్తే ఒక్క ఆరాధన మానలేదు. చర్చి వదిలేసరికి పన్నెండు దాటుతుంది, పువ్వు నిద్రపోతుంది.

"గడ్డిపువ్వు కోసం ఆరాధన ఇడిసిపెడ్తమా? ఎవరన్న ఇంటే నవ్వుతరు," అనేది బేబీ.

నమ్మినవాడు ఒకడున్నాడు, అబ్దుల్ వాహెద్. పత్తర్‌గట్టి బజారు వెనక సందులో, మేడమీద కార్చోబీ పని చేస్తాడు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని ముందు మఠం వేసుకుని, పెళ్లిబట్టల మీద జరీతో పట్టుతో పూలు కుట్టే పని. ఇద్దరి స్నేహం తిట్లతో మొదలైంది. పాతికేళ్ల కిందట వాహెద్ చట్రం కర్రలు నెత్తిన పెట్టుకుని అడ్డదారిన పట్టాలు దాటుతుంటే డానియేలు రెక్క పట్టి ఇవతలికి లాగాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. రైలు వెళ్లిపోయాక తిట్టినవాడే ఛాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ ఛాయ్ ఇప్పటికీ ప్రతి శనివారం సాయంత్రం నడుస్తూనే ఉంది.

ఇరవై ఏళ్ల కిందట ఒక శనివారం డానియేలు పువ్వు గురించి చెప్పాడు. కప్పు పక్కన పెట్టి, రెండు చేతులూ బార్లా తెరిచి చెప్పాడు. "నీలం అంటే బట్టలకేసే నీలిమందు నీలం కాదు భాయ్. ఇంకొంచెం సేపు చూస్తే ఏడుపొస్తదేమో అన్నంత నీలం." వాహెద్ కళ్లార్పకుండా విన్నాడు. రేకులెన్ని అని అడిగాడు, అంచు ఎట్లుంటది అని అడిగాడు. ఎంతుంటది అని మాత్రం అడగలేదు.

ఆ క్రిస్మస్‌కు ఒక తెల్లటి పట్టుగుడ్డ తెచ్చి బేబీ చేతిలో పెట్టాడు. చర్చిలో బైబిలు పెట్టే బల్లకు కప్పే గుడ్డ అది. నట్టనడుమ అరచేయంత నీలిపువ్వు, ఐదు రేకులు, అంచు చుట్టూ సన్నటి వెండి జరీ. కార్చోబీలో ముందు పువ్వును కాగితం మీద గీస్తారు. ఆ గీతంతా సూదితో పొడిచి, పొడి రుద్ది గుడ్డ మీదికి దింపుతారు. ఆ కాగితాన్ని ఖాకా అంటారు. వాహెద్ దగ్గర తాతలనాటి ఖాకాలున్నాయి. దీనికి మాత్రం డానియేలు మాటే ఖాకా. చర్చి చర్చంతా మురిసిపోయింది. ఇదేం పువ్వని పాస్టరు అయ్యగారు అడిగితే "గడ్డిపువ్వు అయ్యగారూ" అన్నాడు డానియేలు. వాడిన తీగ చూసి, దాన్ని విష్ణుక్రాంత అంటారని తోటి గ్యాంగ్‌మన్ విశ్వేశ్వర్ అప్పటికే చెప్పాడు. బైబిలు బల్ల మీద ఆ పేరెందుకులే అని మింగేశాడు. అమాయకుడంటారు గానీ, తెలివైనవాడే.

ఇరవై ఏళ్లుగా ఆ పువ్వు ముందే బేబీ ప్రతి ఆదివారం కూర్చుంది, పాడింది. మొగుడి పిచ్చికి స్నేహితుడు వేసిన జరీ అనుకుందే తప్ప, అలాంటిదొకటి నేలమీద నిజంగా పూస్తుందని ఏనాడూ అనుకోలేదు.

పోయిన డిసెంబరులో రెండు కబుర్లు కలిసి వచ్చాయి. జనవరి నెలాఖరుకు డానియేలు రిటైరవుతున్నాడు. రెంటిలో అది చిన్నది. రెండోది, వంతెన కింద కొత్త లైను వేస్తారట. జనవరి మూడో సోమవారం జేసీబీ దిగి ఆ మొరం నేలంతా చదును చేస్తుందట. ఆ కబురు విన్న రోజు డానియేలు అన్నం సగంలో లేచాడు.

"రిటైరైతున్నందుకేనా గింత ఫికరు?" అంది బేబీ.

"కాదు. వచ్చే నెల వంతెన కింద మిషిని దిగుతది. ఇంక మీకు చూపియ్యనీకె ఆ పువ్వు ఉండదు," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "నేను అబద్ధాలోన్నిగనే మిగిలిపోత."

గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపూ లేదు. అందుకే ఆ మాట బేబీకి గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఈ మనిషి తనకోసమని అడిగింది ఇదొక్కటే, తను కాదన్నదీ ఇదొక్కటే అని ఆమెకు తోచింది. మర్నాడు అయ్యగారి దగ్గరికి పోయి, ఆ మూడో సోమవారం ముందటి ఆదివారం పిల్లల పాటలు తోటి టీచరు సోనీ చూసుకుంటదని, తాను రానని చెప్పింది. ఒంట్లో బాగాలేదా అని ఆయన అడిగితే, "బాగుంది అయ్యగారూ. పువ్వు చూడ పోతున్న" అంది. దాని గురించి చర్చిలో చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆ ఆదివారం ఆటోలో నలుగురు బయల్దేరారు. నాలుగో మనిషి వాహెద్. మఠం వేసి మఠం వేసి మోకాళ్లు అరిగిపోయాయి, వంతెన మెట్లు ఒక్కొక్కటీ "యా అల్లా" అంటూ ఎక్కి, ఒక్కొక్కటీ అలాగే అంటూ దిగాడు. వద్దన్నా వినలేదు. "నేను కుట్టిన పువ్వు భాయ్. పానం ఉన్నదాన్ని ఒక్కసారన్న చూడొద్దా?" అన్నాడు.

దిగి చూస్తే ఏముంది? మబ్బు. తెల్లవారి బాగానే ఉన్న ఆకాశం తొమ్మిదయ్యేసరికి దుప్పటి కప్పుకుంది. మొరం నేలమీద బూడిదరంగు ఆకులు నేలకు అంటుకుని పడున్నాయి. ఎక్కడా పువ్వన్నది లేదు. డానియేలు వంగి ఒక తీగ ఎత్తి చూశాడు, ఇంకోటి ఎత్తి చూశాడు. మొగ్గలున్నాయి, అన్నీ ముడుచుకునే ఉన్నాయి. ఎండ లేకపోతే అవి విచ్చుకోవని ఆయనకు తెలుసు. తెలిసీ ముప్పై ఏళ్లలో మబ్బును లెక్కలోకి తీసుకోవడం ఈ ఒక్కరోజే మరిచాడు. తొమ్మిదిన్నరయింది. పదయింది. ఆయన ముఖం చూడలేక ప్రీతి ఫోను తీసి ఊరికే దానివంక చూస్తూ కూర్చుంది.

"పోదాం పాండ్రి," అన్నాడు చివరికి. "మీ చర్చి గూడ పాయె."

బేబీ కదల్లేదు. సంచిలోంచి పాత చీర తీసి నేలమీద పరిచింది, డబ్బాలోంచి ఉప్మా తీసి నలుగురికీ పెట్టింది. "ముప్పై ఏండ్లు నువ్వు ఆగినవ్. మేము ఒక గంట ఆగలేమా? కూసో," అంది. వాహెద్ కాళ్లు బారజాపి, మోకాళ్లు ఒత్తుకుంటూ, "చెల్లె చెప్పింది మాట," అన్నాడు. డానియేలు కూర్చున్నాడు. డ్యూటీ దారిలో ఆయన ఇంటివాళ్లతో కూర్చోవడం అదే మొదలు.

పదీ ఇరవైకి వంతెన మీద ఎండ పడింది. మెట్లు దిగింది. కాలిబాట దాటింది. ముందు ప్రీతి చూసింది. "డాడీ" అని మాత్రం అనగలిగింది.

ఒకటి విచ్చుకుంది. ఇంతే, చిటికెనవేలి గోరంత. తర్వాత దాని పక్కన నాలుగు. ఎండ ఎంతదాకా జరిగితే అంతదాకా, ఇప్పటిదాకా బూడిదలా పడివున్న నేలలోంచి నీలం పైకి వస్తోంది. లెక్కపెట్టడం ఎవరికీ తోచలేదు. వాళ్లు కూర్చున్న చీర చుట్టూ వచ్చేసింది, వాహెద్ జాపిన కాళ్ల మధ్యకు వచ్చేసింది. చెప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక నలుగురూ కాళ్లు ముడుచుకున్నారు. అంతలో రైలొచ్చింది. కిటికీల్లో మనుషులు ఫోన్లు చూసుకుంటూ పోయారు. ఆ గాలికి నేలంతా ఒక్కసారి వణికి, మళ్లీ నిలబడింది. మాట్లాడితే ముడుచుకుపోతాయేమోనని నలుగురికీ భయం.

బేబీ నోటిమీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఆదివారం ఆ వేళకు పాటలో మునిగి ఉండే మనిషికి ఒక్క పాటా గుర్తుకు రావడం లేదు. ఇదంతా ఇంత దగ్గర, ఇన్నేళ్లు, తను లేకుండానే పూసి ముడుచుకుందా అనుకుంటే గుండె చెరువైంది.

"రోజూ గిది చూసి," అంది మెల్లగా, "ఇంటికొచ్చి, గ్యాస్ అయిపోయిందా అని అడిగేటోనివా నువ్వు?"

"ఏమడగాలె మరి," అన్నాడు డానియేలు.

వాహెద్ బోర్లా పడుకున్నంత పని చేసి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక పువ్వును పరీక్షగా చూస్తున్నాడు. ఐదు రేకులనుకున్నవి ఐదు రేకులే, ఒకదానికొకటి అతుక్కున్నాయి. నీలం కూడా ఆ నీలమే. తన అరచేతిని దాని పక్కన పెట్టి చూసుకున్నాడు. చెయ్యి ఎంత, పువ్వెంత? లేచి కూర్చుని ముందు నవ్వాడు. తర్వాత పనివాడి సిగ్గు ముఖాన పడింది.

"క్యా భాయ్, గింతే ఉందేంది?" అన్నాడు. "నువ్వు చేతులు చాపి చెప్తివి, నేను అరచేయంత కుట్టి చర్చిల పెట్టిన. ఇరవై ఏండ్ల సంది తప్పు పువ్వు చూపెడ్తున్న అందరికీ. చెల్లె, వచ్చే శుక్రవారం ఆ గుడ్డ తెచ్చియ్యి. విప్పేస్త. దీని కొలతకే మళ్ల కుడ్త."

డానియేలు తన చేతులవంక చూసుకున్నాడు. తాను ఎన్నడూ అబద్ధమాడలేదు, చేతులు ఎందుకు అంత తెరుచుకున్నాయో తనకే తెలియదు.

బేబీ పువ్వుల మీదినుంచి కళ్లు తిప్పకుండానే చెయ్యి చాపి, వాహెద్ మాటను ఆపింది.

"ఆ గుడ్డను ముట్టుకోకు అన్నా," అంది. "నువ్వు తప్పు కుట్టలె. ఈయనకు గంతనే కనబడ్డది."