పులిచారల పలక

మా ఆయన నాకు మేనమామ, అమ్మకి ఆఖరి తమ్ముడు. పెళ్లికి ముందు మావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాకా అదే పిలుపు. కొత్తగా సిగ్గుపడే శ్రమ తప్పింది. ఆయన వడ్రంగి. పూండికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లో పనస మొద్దు తొలిచి తంబురాలు, వీణలు చేసే చెయ్యి ఆయనదొక్కటే. చుట్టుపక్కల దాయాదులంతా బళ్లు, నాగళ్లు చెక్కేవాళ్లు.

ఆయనకి చెవులు పోయింది చలిజ్వరంతో. జ్వరం చేసిందో, చేదుమందు చేసిందో నాకు తెలియదు. ఇరవై రోజుల తర్వాత లేచి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"సముద్రం ఆగిపోనాదేటే?" అన్నాడు.

"ఆగనేదు మావా" అన్నాను. ఆయన నా నోటివైపే చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ చెప్పాను. ఈసారి చెవిలో అరిచాను, లీలగా అందింది. అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. నాకు ఏడుపు రాలేదు. పొయ్యిమీద గంజి ఉంది, వెళ్లి దించాను.

ఇక అక్కణ్నుంచి గుట్టు మొదలైంది. చెవిటివాడి చేత వీణ చేయించుకునే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా? కుడిగోడ అవతల ఒక దాయాది, ఎడమగోడ అవతల ఇంకో దాయాది. నేను గట్టిగా తుమ్మితే ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు చిరంజీవ అనేవాళ్లు. అందుకని నేను ఆయనతో అరవడం మానేశాను. గట్టిగా మాట్లాడితే పట్టుబడతానని ఆయన కూడా గొంతు తగ్గించేశాడు. తగ్గించి తగ్గించి వాళ్లమ్మలా సన్నగా మాట్లాడడం మొదలుపెట్టాడు.

పనికి మాత్రం చెవి కావాలి కదా. చెక్కని పల్చగా చేస్తూ మధ్యమధ్య వేలి కణుపుతో కొట్టి చూస్తారు. మందంగా ఉన్నంతసేపూ మొద్దు మొద్దుగానే మోగుతుంది. ఒకచోటికి వచ్చేసరికి ఖంగుమంటుంది. దాన్ని మావాళ్లు పలుకు అంటారు. పలుకు వచ్చాక ఇంక చిత్రిక తగలకూడదు. ఆయన కొట్టి "పలుకుందేటే?" అనేవాడు. ఉంటే నేను తల నిలువుగా ఊపాలి, లేకపోతే అడ్డంగా. అలా రెండు తంబురాలు బయటికి పంపాం. ఎవరూ పసిగట్టలేదు. నాకు లోపల్లోపల పొగరు కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

అప్పుడు వచ్చాడు పలాస నుంచి రైలు గార్డు. సగం దొర. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు. గోనెసంచిలోంచి విరిగిపోయిన వాయిద్యం తీసి అరుగుమీద పెట్టాడు. గిటారట. మధ్యలో ఆడదానికున్నట్టు నడుం ఉంది. ఏదో పెట్టె మీద పడి పొట్ట పగిలిపోయిందట. అలాంటిదే చేసిపెట్టమన్నాడు. నేను ద్వారబంధం పక్కన నిలబడి, మా ఆయనకి కనబడేలా అవునని తలూపాను.

గార్డు వెళ్లాక మా ఆయన అటకమీంచి పనస పలక దించాడు. గాలివానకి పడిపోయిన చెట్టుది. మా తాత, అంటే మా మామగారు, కోయించి ఆరబెట్టి ఒక మంచి వీణకోసమని దాచి ఉంచాడు. వందలో ఒక్క చెట్టుకి అలా పడుతుంది, పసుపుపచ్చటి చెక్కలో అడ్డంగా పులిచారలు. నూనెచెయ్యి రాస్తే చారలు కదిలినట్టుంటాయి.

"వీణకి దాసింది గదా, దొరగాడికి పెట్టేత్తావా?" అన్నాను నోటితోనూ చేత్తోనూ.

"ఇది పలికితే నానింకా పనోణ్నే. పలక్కపోతే నాగళ్లు సెక్కుకుందుం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

గిటారు పక్కలకి పల్చటి బద్దలు వంచుతారట. మావాళ్లకి వంచడం రాదు, తొలచడమే వచ్చు. గార్డు తెచ్చిన నమూనా పక్కన పెట్టుకుని, ఒకే మొద్దులో పొట్టా నడుమూ అన్నీ బాడిసెతో తొలిచాడు మా మహానుభావుడు. నెల పట్టింది. ఆ తర్వాత పొట్టమీద మూయడానికి పులిచారల పలక పట్టుకున్నాడు.

ఇంట్లో మా అమ్మమ్మ ఉండేది. నాకు అత్తగారూ ఆవిడే. ఒక్క పన్ను లేదు. అన్నంలో ఉడకని గట్టిమెతుకు తగిలితే చిగుళ్లు మండిపోయేవి. దాన్నీ మావాళ్లు పలుకనే అంటారు. అందుకని రోజూ అన్నం ఉడికే వేళకి లోపల కుక్కిమంచం మీంచి "పలుకుందేటే?" అని అడిగేది. మెతుకు నలిపి చూసి నేను చెప్పాలి. ఉందన్నానంటే మళ్లీ మంట పెట్టేదాకా ఊరుకునేది కాదు. నాకు ఒళ్లు మండేది.

ఆ పూట పెరట్లో పొయ్యిదగ్గర ఉన్నాను. పచ్చికమ్మలు, పొగ. కళ్లలో నీళ్లు. మా ఆయన వెనక వసారాలో చిత్రిక పడుతున్నాడు, నా వీపు ఆయనకి కనిపిస్తూనే ఉంది. పలక ఇవాళో రేపో తేలుతుందని నాకు తెలుసు. అన్నం వార్చి వెళ్లి కూర్చుందామనుకున్నాను.

"పలుకుందేటే?" అని సన్నగా వినబడింది.

మెతుకు నలిపాను. మెత్తగా ఉంది. "నేదు" అన్నాను వెనక్కి తిరక్కుండా, తల అడ్డంగా ఊపుతూ.

కాసేపాగి మళ్లీ, "పలుకుందేటే?"

"నేదని సెప్తన్నాను గదా! ఎన్నిసార్లే నీకు!" అని రెండుసార్లు గట్టిగా తల విదిలించాను.

మూడోసారి ఎవరూ అడగలేదు. గంజి వార్చి కుండ పట్టుకుని లోపలికి వెళ్లాను. అమ్మమ్మ గోడవైపు తిరిగి గుర్రుపెడుతోంది.

ఒలమ్మ అనుకున్నాను. అంతకన్నా ఏమీ అనుకోలేకపోయాను. కుండ కింద పెట్టి వసారాలోకి వచ్చాను. ఆయన పలకని ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. చారలని చీల్చుకుంటూ వెలుతురు వస్తోంది. మరీ పల్చనైపోయి, కిందనుంచి పైకి సన్నటి బీట. ఆయన కాళ్లచుట్టూ చిత్రికపొట్టు.

"సెయ్యి తప్పింది" అన్నాడు నన్ను చూసి. "నీ తప్పేటీ నేదు, నువ్వు నేదనే సెప్పినావు. నా సెయ్యే తప్పింది."

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. చెప్పాలంటే అరవాలి. పలుకంటే అన్నంలోదనుకున్నాను, పొరపడ్డాను, నీ చెయ్యి తప్పలేదు. ఇంత మాట తలూపి చెప్పేది కాదు. కుడిగోడ అవతల సుత్తి చప్పుడు, ఎడమగోడ అవతల రంపం చప్పుడు. అరిస్తే రెండూ ఆగిపోయి వింటాయి. ఊళ్లో నా నోటికి జడిసేవాళ్లు, ఆ నోరు ఆ రోజు ఎక్కడికి పోయిందో.

గార్డు వచ్చి చూశాడు. మా ఆయన ఆయనకీ అదే చెప్పాడు, సెయ్యి తప్పింది దొరా అని. గార్డు కోప్పడలేదు. భుజం తట్టి, తన విరిగిన గిటారు సంచిలో పెట్టుకుని, ఏదో మంచిమాటే చెప్పి వెళ్లాడు. ఆ మాట నాకు వినపడింది, ఆయనకి వినపడలేదు.

తొలిచిన మొద్దులో అమ్మమ్మ చింతపండు పోసుకుంది. నేను వద్దనలేదు. మా ఆయన సన్నఉలులన్నిటికీ నూనె రాసి గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. మర్నాటినుంచి కాడి, నాగలి, బండిచక్రం. నందిగాం నుంచి ఒకరు వీణకోసం వస్తే, "నానిప్పుడు ఆ పని సేత్తం నేదండి" అన్నాడు. చెవుల మాట ఎత్తలేదు. చెయ్యి పోయిందనే చెప్పాడు. నేను వింటూ బియ్యంలో రాళ్లు ఏరుకున్నాను. నాకు ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు కొంచెం భయమేసింది, అది కూడా రెండురోజులే.

ఆరేడు నెలలకి కాబోలు, పట్టపగలు, ఆయన పెరట్లో కూర్చుని కాడికి రంధ్రం వేస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతో చెప్పేశాను.

"మావా, నేదన్నది అన్నానికి. పలక పలికిందో నేదో నాను వినేనేదు. నీ సెయ్యి తప్పనేదు."

ఆయన నా నోటివైపు చూశాడు. ఎంత శ్రద్ధగా చూశాడని! నుదురు ముడిచి, చివరిమాట దాకా చూశాడు.

"అలాగేలే" అన్నాడు. "రేపు టెక్కలి సంతకెల్తాను గదా, తెత్తాను."

మర్నాడు పొద్దువాలే వేళకి వచ్చి, కండువా మూట విప్పి నా ముందు పెట్టాడు. ఉప్పు.

"ఇదేనా నువ్వడిగింది?" అన్నాడు.

ఇంట్లో ఉప్పు కుండ నిండా ఉంది. ఇదే మావా అన్నాను.