పట్టు దొరకని తలుపు

ఆయన్ని కాలనీలో అందరూ హ్యాండిలాయన అంటారు. ముఖం మీదే అన్నా ఆయనకి కోపం రాదు, పైగా కాస్త ఛాతీ విరుచుకుంటాడు. కార్ల కంపెనీలో చేరిన దగ్గర్నుంచీ తలుపు హ్యాండిళ్లు తప్ప ఇంకేమీ గీయని మనిషికి ఆ పేరు ఉండటంలో తప్పేముంది?

మొదట్లో ఆయన గీసినవి మామూలు హ్యాండిళ్లు. వేళ్లు పెట్టి లాగితే తలుపు వచ్చేది. చంకలో పిల్లనీ రెండో చేతిలో సంచీనీ మోస్తున్న తల్లి కూడా చిటికెన వేలు తగిలించి తీసేసుకునేది. అందులో గొప్పేముంది? సరిగ్గా పనిచేసే వస్తువుని లోకంలో ఎవరు మెచ్చుకున్నారు కనుక! ఆ రోజుల్లో ఆయనెవరో పై అంతస్తులో ఎవరికీ తెలిసేది కాదు.

తర్వాత కంపెనీకి కొత్త పెద్దసారు వచ్చాడు. ఆయన గుండు నున్నగా ఉంటుంది, బండి కూడా అలాగే ఉండాలన్నాడు. "తలుపు మీద ఈ మొటిమలేంటయ్యా?" అని ముఖం చిట్లించాడు. హ్యాండిలాయన వెంటనే మొటిమలు తీసే పనిలో పడ్డాడు. హ్యాండిల్ తలుపులోకి ముడుచుకుపోయేలా చేశాడు. తాళం జేబులో ఉన్న మనిషి దగ్గరికొస్తే చిన్న మోటారు తిరిగి అది బయటికొస్తుంది. దూరం వెళ్తే లోపలికి పోయి, తలుపులు వాటంతటవే బిగుసుకుంటాయి. లోపలివైపు హ్యాండిల్ కూడా పోయి బటన్ వచ్చింది.

"మరి బ్యాటరీ పోతే?" అని మీటింగులో ఎవరో అడిగారు. పోనీలే అని వెనక తలుపు అరలో, రబ్బరు చాప కింద, ఒక తీగ పెట్టించాడు. లాగితే తలుపొస్తుంది. పైకి కనిపిస్తే అందం చెడుతుందట, అందుకని చాప కింద. ప్రాణం మీదికొచ్చినవాడు ఆ మాత్రం చాప ఎత్తి చూసుకోడా ఏమిటి!

ఇక అందరూ ఆహా ఓహో అన్నారు. కంపెనీవాళ్లు అదే కారు ఒకటి ఆయనకిచ్చారు. ఆయన కళ్లు నెత్తికెక్కాయి. స్కూల్లో లెక్కలు చెప్పే భార్య మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏవండీ, దీన్నెక్కడ పట్టుకోవాలి?" అంది.

"పట్టుకోవడానికి ఏమీ కనిపించదు. అదే దాని అందం."

"అందం కొరుక్కుతింటామా?"

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఆమె అన్నయ్య ఇంటికి బయల్దేరారు. ముందు సీట్లో కొత్త హ్యాండిళ్ల నమూనాల పెట్టె కూర్చుంది కాబట్టి భార్య వెనక కూర్చుంది. బావమరిది ఇంటికి ఒట్టి చేతులతో ఏం వెళ్తామని దారిలో పళ్ల కొట్టు దగ్గర ఆపి ఆయన దిగాడు. బండి బుద్ధిగా తలుపులు బిగించుకుంది. అంతలో ఎదురుగా ఉన్న లారీ వెనక్కి వచ్చి, కారు ముందుభాగాన్ని అప్పడంలా నొక్కేసింది. బ్యాటరీ చచ్చి లోపలి దీపాలు ఆరిపోయాయి. బానెట్ లోంచి పొగ లేచింది.

ఆయన పళ్లు పారేసి పరిగెత్తాడు. హ్యాండిల్ బయటికి రాలేదు. తాళం తీసి చూపించాడు, బతిమాలుతున్నట్టు చూపించాడు. రాలేదు. తలుపంతా రెండు అరచేతులతో తడిమాడు. గోరు దూర్చే సందైనా లేదు. ఆ సందు పూడ్చడానికి తనే ఎన్ని నెలలు తంటాలు పడ్డాడో! లోపల పొగ కమ్ముతోంది. ఆమె చచ్చిపోతుందేమో అనిపించింది. ఆ మాట మనసులోకి వచ్చాక ఇంక వేరే మాట రాలేదు.

"కింద! చాప కింద! తీగ లాగు!" అని గొంతు చించుకున్నాడు.

అద్దాలు రెండు పొరలవి. రోడ్డు రొద వినపడకూడదని వేసినవి. మొగుడి గొంతు కూడా రొద కిందే జమ అవుతుందని ఎవరూ అనుకోలేదు. కిందికి చూపిస్తున్న చెయ్యి చూసి, పడుకోమంటున్నాడు కాబోలని ఆమె సీటు మీద పడుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎదురుమాట లేకుండా ఆయన చెప్పినట్టు చేయడం అదే మొదటిసారి.

జనం మూగారు. ఒకడు హెల్మెట్ తో కొట్టాడు, ఇంకొకడు రాయి విసిరాడు. పక్క అద్దం అంతా బీటలు వారింది గానీ మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పొర దాన్ని వదల్లేదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఫోన్లో వీడియో తీస్తున్న ఒక మహానుభావుడు, "సార్, మీరు కొంచెం పక్కకి జరగండి, కనిపించట్లేదు," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది హ్యాండిలాయనకి, వెనక డిక్కీ వైపు అద్దం ఒక్క పొరదేనని. లారీ డ్రైవరు చేతిలోని ఇనపరాడ్ లాక్కుని, అటు పరిగెత్తి, అద్దం మూల మీద శక్తికొద్దీ కొట్టాడు. మూడో దెబ్బకి అద్దమంతా రాళ్ల ఉప్పులా జలజలా రాలింది. గుప్పున పొగ వచ్చింది. లోపలికి రెండు చేతులూ చాపాడు. ఆమె దగ్గుతూ సీటు ఎక్కి ఆ చేతులు పట్టుకుంది. ఆయనా డ్రైవరూ కలిసి బయటికి లాగారు. పక్క పెట్రోలు బంకువాళ్లు ఇసుక బకెట్లతో కారు వైపు పరిగెత్తుతుంటే, ఆయన నడిరోడ్డు మీద భార్యని పట్టుకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

పళ్ల కొట్టు ముసలాయన స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. హ్యాండిలాయన వెనక నిలబడి ఆమె జుట్టులోంచి అద్దం పెంకులు ఏరుతున్నాడు. గండం గడిచింది కదా, జనానికి నోళ్లు లేచాయి.

"ఏ దరిద్రుడు చేశాడయ్యా ఈ తలుపు?"

"బాగా చదువుకున్న వెధవే అయ్యుంటాడు."

"అవునండీ," అన్నాడు హ్యాండిలాయన తలెత్తకుండా.

ముసలాయన చెయ్యి ఊపుతూ, "అలాంటివాడికి మాటలతో బుద్ధి రాదు బాబూ. వాడి పెళ్లాన్ని ఒక్కసారి అందులో కూర్చోబెట్టాలి, అప్పుడు తెలిసొస్తుంది," అన్నాడు.

ఆమె గ్లాసు దించి, దగ్గు ఆపుకుని, "కూర్చోబెట్టాడు తాతా," అంది.