ఇస్తారి రేడియో సెల్లు

అరబ్బు దేశంలోని సోహార్ కట్టడం సైట్‌లో తాపీమేస్త్రి ఇస్తారికి రేడియో అంటే ప్రాణం, సెల్లంటే అంతకన్నా ప్రాణం. అరిగిన సెల్లను ఎండలో పెట్టి మళ్లీ వేస్తాడు. అన్నం వేళ వార్తల్లో ముఖ్యాంశాలు అవగానే టక్కున కట్టేస్తాడు. డెబ్బయ్యెనిమిది మార్చిలో సర్వేయర్ యూసుఫ్ అన్నం ముట్టకుండా రోజూ ఆ రేడియో పక్కనే కూర్చునేవాడు. పాలస్తీనా మనిషి, తల్లి దక్షిణ లెబనాన్ శరణార్థి శిబిరంలో ఉంది, అక్కడ బాంబులు పడుతున్నాయి. ఒకరోజు అరబ్బీ వార్తలు విని, "దాడి ఆపాలని, జనాన్ని కాపాడాలని దేశాలన్నీ అడిగాయట" అన్నాడు హిందీలో.

"ఇగ ఫికర్ లేదు సాబ్, అమ్మ బతికినట్టే," అంటూ ఇస్తారి అలవాటుగా రేడియో కట్టేశాడు.

యూసుఫ్ అతని మణికట్టు పట్టుకున్నాడు. "అడిగారు ఇస్తారీ. ఆపలేదు."

డ్యూటీ బెల్లు మోగింది. ఇస్తారి రేడియో మళ్లీ పెట్టి, గోడకు ఆనించి, తాపీ అందుకున్నాడు. సెల్లు అయిపోయేదాకా దాన్ని కట్టేయలేదు.