కోత పండుగలో రొయ్యల బుట్ట

రాజమండ్రి నుంచి భీమవరం పాసింజరు ఆదివారం పొద్దున్నే ఉంటుంది. టిక్కెట్టు చవక, ప్రయాణం దీర్ఘం. నిడదవోలులో అది ఆగిన సేపట్లో పక్క చేలో నాట్లు వేసి, కలుపు తీసి, కోత కూడా కోసేయొచ్చు. వెళ్లదలచినవాళ్లు ఇడ్లీలు కట్టుకుని ఎక్కండి. నేను కట్టుకోలేదు. పొట్టలో ఉన్న చోటంతా రొయ్యల ఇగురుకి రాసిచ్చేశాను.

భీమవరం అవతల మా అమ్మ పుట్టినూరి చర్చిలో ఆరోజు కోత పండుగ. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. ఆపైన భోజనాలు. వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయిన ఊరు కాబట్టి విస్తట్లో రొయ్య తప్పదు.

కొవ్వూరులో మా మామయ్య ఎక్కాడు. రిటైరైన హెడ్మాస్టరు, ఆ చర్చికి ఇప్పటికీ సంఘపెద్ద. ఈమధ్య మోషే ధర్మశాస్త్రం చదివి, రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులన్నిటినీ వదిలేశాడు. రొయ్య, పీత, జెల్ల అన్నీ పోయాయి.

"పులస సంగతేంటి మామయ్యా?" అన్నాను.

"దానికి పొలుసులున్నాయిరా."

"మోషేకి గోదావరి మీద ఎంత దయ."

మామయ్య నవ్వలేదు. "మార్తమ్మ రొయ్యలు తెస్తుందట. అపవిత్రమైనది బలిపీఠం దగ్గర పెట్టనివ్వను" అన్నాడు.

నా ఆకలి తణుకులోనే దిగిపోయింది. మార్తమ్మ భర్త లేని మనిషి. ఆమె చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ రోగమొచ్చి వరసగా రెండు పంటలు పోయాయి. ఈ పంట చేతికొస్తే మొదటి బుట్ట దేవుడికని మొక్కుకుంది. అది వద్దంటే ఆమె బతుకునే వద్దన్నట్టు.

భీమవరంలో దిగి షేర్ ఆటో ఎక్కాం. ముగ్గురు పట్టే ఆటోలో ముప్పై మందిమి, డ్రైవరుకి చోటు మేమే దయతలచి ఇచ్చాం.

చర్చిలో గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు. ఒక పుంజు పాస్టరుగారి ప్రసంగానికి పోటీగా కూస్తోంది. ఆఖరున ఐసు కారుతున్న బుట్టతో మార్తమ్మ వచ్చింది. ఒక్కో రొయ్య నా చెప్పంత ఉంది.

మామయ్య లేచి అడ్డంగా నిలబడ్డాడు. "ఇక్కడ వద్దమ్మా. వాక్యం ఒప్పుకోదు."

ఆమె బుట్ట దించలేదు. "తిననివాళ్లు తినకండి మాస్టారూ. ఇది మాత్రం మీకు తేలేదండి. దేవుడు కాపాడిన చెరువులోది ఆయన దగ్గర కాక ఇంకెక్కడ పెట్టనండి?"

పాస్టరుగారు బలిపీఠం దగ్గర్నుంచి కిందికి దిగి వచ్చారు. "మాస్టారండీ, ఇశ్రాయేలీయులు ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు కూడా తాము ఎవరి జనమో మర్చిపోకూడదని ఆ నియమం. మీరు మానేస్తే అదే గుర్తు, నాకు గౌరవమే. కానీ దేవుడు పేతురుకి దర్శనంలో దుప్పటినిండా ఆ వద్దన్న జంతువుల్నే చూపించి తినమన్నది దేనికండి? ఏ మనిషినీ అపవిత్రుడని గుమ్మంలో ఆపొద్దనే కదా."

మామయ్య ఆ బుట్ట వంక చూశాడు. తర్వాత కండువా సర్దుకుని రెండు చేతులూ చాపాడు. "ఇలా ఇవ్వమ్మా. బరువుగా ఉంది."

రొయ్యలున్న వంటింట్లో అడుగుపెట్టని మనిషి, ఇస్త్రీ లాల్చీ మీద ఐసునీళ్లు కారుతుండగా ఆ బుట్టని తీసుకెళ్లి బలిపీఠం ముందు పెట్టాడు. మార్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. భోజనాల దగ్గర ఆయనకి పప్పు వడ్డించింది ఆమే. "నెయ్యి వేయమంటారా? దానికి పొలుసులుండవండి" అంది. మామయ్య నవ్వి వేయించుకున్నాడు. నా సంగతి అడక్కండి. ఆ ఇగురు గురించి రాస్తే కాగితం నూనెలో తడుస్తుంది.

సాయంత్రం తిరుగు బండిలో మామయ్య పక్కన కూర్చుని ఆలోచించాను. ఇగురు కోసం నియమాన్ని కొట్టిపారేయడం నాబోటివాడికి సులువు. మామయ్య నియమం వదల్లేదు, మనిషినీ వదల్లేదు. అది మాత్రం నాకు చేతనయ్యే పని కాదు.

అత్తిలి దాటాక ఎదురు సీటాయన ముక్కు ఎగబీల్చి, మామయ్య లాల్చీ వైపు చూశాడు.

"రొయ్యల వ్యాపారమా అండి?"

"కాదండి, బడిపంతుల్ని" అన్నాడు మామయ్య. "మా సంఘంలో ఒకావిడ పండించిందండి. ఈ ఏడు మంచి పంట."