జంపఖానా మీద పైన్ చెట్టు, హౌలర్ కోతి

మా మేనమామ కాశిబుగ్గలో జంపఖానాలు నేసేవాడు. నేను పాలిటెక్నిక్‌లో చదువుతుండగా హైదరాబాదు షావుకారు ఒకాయన వచ్చి, చిలకలూ తామరపూలూ చాలు, ఇక్కడ ఎవరూ నేయని బొమ్మలు కావాలన్నాడు. షావుకారుకు ఎవరి బొమ్మ నచ్చితే ఇకమీద డిజైన్లన్నీ వాళ్లవేనని మామ నాకూ, మా చిన్నమ్మ కొడుక్కీ చెప్పాడు. ఆ పని నాకే రావాలి. డ్రాయింగ్ చదువుతున్నది నేను. వాడు డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతూ, రికార్డు పుస్తకంలో కప్ప బొమ్మ కూడా నాతోనే గీయించుకునేవాడు.

నేను హిమాలయాల చిర్ పైన్ చెట్టును ఎంచుకున్నాను. వాడు దక్షిణ అమెరికా నల్ల హౌలర్ కోతిని తెచ్చాడు. రెంటినీ అంశాలవారీగా పోల్చి చూసుకున్నాను. పైన్‌ది నిటారు మాను, కోతిది గూని వీపు. పైన్ ఆకులు మూడేసి సూదుల కట్టలు, గీతకు లొంగుతాయి. కోతికి ఒళ్లంతా బొచ్చు. కోతి గొంతులో బోలు ఎముక ఉంటుందనీ, అది అరిస్తే అడవంతా వినబడుతుందనీ వాడు చెప్పాడు. జంపఖానా మీద అరుపు ఎలా వినిపిస్తాడు? రోజులో ఎక్కువసేపు నిద్రపోతుందన్నాడు. ఆ ఒక్క విషయంలో వాడికి తగిన జంతువే.

ఇద్దరం గ్రాఫ్ కాగితం మీదే గీశాం. మామ రెండూ నేసి వాకిట్లో పరిచాడు.

"ఏందిరా అల్లుడా, చెట్టు గియ్యమంటె తుమ్మపొద గీసినవ్?"

నా పైన్ సగం ఎత్తుకు కుంగిపోయి ఉంది. కాగితం మీద గళ్లు నలుచదరమే. మగ్గం మీద అడ్డంగా పోయే పేక దారాన్ని పంజాతో, అంటే ఇనప దువ్వెనతో, కొట్టి దగ్గరకు నెడతారు కాబట్టి ప్రతి గడీ అడ్డంగా సాగి, నిలువుగా అణుగుతుంది. ఆ సంగతి లెక్కలోకి తీసుకోలేదు. వాడూ తీసుకోలేదు. కానీ వాడి కోతి అణిగి, గొంతు ఉబ్బి, ఇప్పుడే అరవబోతున్నట్టు కూర్చుంది.

షావుకారు కోతినే మెచ్చుకుని, అలాంటివే మరికొన్ని కావాలన్నాడు.

"అల్లుడా, వీని కోతికి తోక జర పొట్టిగైంది. నీకు లెక్కలొస్తయి గద, సరిజెయ్యి," అన్నాడు మామ.

కోతి మిగతా ఒళ్లు ముట్టుకోకుండా, వేలాడే తోకను మాత్రం గళ్లు పెంచి గీశాను. రెండోసారి మగ్గం దిగినప్పుడు తోక ఎంత ఉండాలో అంతే ఉంది. షావుకారు వంగి, తోక మీద వేలు పెట్టి చూసి బాగుందన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా తమ్ముడు అందుకున్నాడు.

"తోక మా అన్నదే సేటూ. కోతి ఒక్కటే నాది."

అందరూ నవ్వారు. వాడు ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది. వాణ్ణి తిట్టుకోవడానికి నాకు ఆ ఒక్క వీలైనా మిగిలేది.