బర్తొలొమయి చర్మం ఒలిచినవాడు

నేపుల్స్ రేవులో ద్రాక్షసారా పీపాలు మోసే బెరార్దో బతికుండగా ఏదీ గట్టిగా కోరుకున్నవాడు కాడు. చచ్చాక మాత్రం ఒక్కటి కావాలనుకున్నాడు. తోళ్లవాళ్ల చర్చి కింద, రాతి సమాధిగదిలో, భార్య కార్మోసినా పక్కన చోటు. నిప్పుకొండ బద్దలై ఊరంతా బూడిద కురిసిన చలికాలంలో ఆమె దగ్గి దగ్గి పోయింది. తోళ్లు పదునుపెట్టేవాడి కూతురు కనక తోళ్లవాళ్ల సమాజంవాళ్లు ఆమెను మర్యాదగా ఆ గదిలోకి దించారు. బెరార్దో కూలివాడు, బయటివాడు. సమాజం చేర్చుకుంటే ఆమె పక్కకు పోతాడు. లేదంటే బండిలో ఊరిబయట దిక్కులేని శవాల గుహకు పోతాడు, పైన రెండు పారల సున్నం. అందుకే పదకొండేళ్లపాటు సమాజంవాళ్ల దీపస్తంభాలను ప్రతి ఊరేగింపులోనూ ఊరికే మోశాడు.

ఆ సమాజానికి రక్షకుడు పునీత బర్తొలొమయి. బతికుండగానే చర్మం ఒలిపించుకున్న అపొస్తలుడు. ఒలవడమే వృత్తిగా బతికేవాళ్లు ఆయన్నే ఎందుకు పట్టుకున్నారని అడిగితే ఇక్కడ ఎవరైనా మీ మొహంకేసి జాలిగా చూస్తారు. పళ్లు ఊడగొట్టించుకున్న పుణ్యాత్మురాలు పంటినొప్పి తగ్గిస్తుంది, కళ్లు పోయినావిడ కళ్లు కాపాడుతుంది. ఏ కత్తి కింద చచ్చాడో ఆ కత్తి పట్టేవాళ్లకు ఆయన దిక్కు కావడంలో వింతేముంది? నేను తిరిగిన రేవుల్లో ఇంతకన్నా తిక్క లెక్కలు నడిచేవి చూశాను.

ఆ ఏడు చర్చి బలిపీఠం మీదికి కొత్త చిత్రం రాయించారు. చిత్రకారుడు ఒరాజియో మొహాలు వెతుక్కుంటూ రేవుకొచ్చి బెరార్దో దగ్గర ఆగిపోయాడు.

"నీ బుగ్గల్లో నలభై రోజుల ఉపవాసముందయ్యా. పునీతుడిగా నిలబడతావా?"

నిలబడటమంటే నిలబడటం కాదు. రెండు చేతులూ పైకెత్తి దూలానికి కట్టించుకుని వారంపాటు వేలాడాలి. బెరార్దో కుడిభుజం ఎప్పుడో పీపా పడి జారింది, చెయ్యి చెవి దాటి లేవదు. చివరికి వేలాడినవాడు అతని స్నేహితుడు మాసె. కోళ్ల దొంగ, తాగుబోతు, ఏ పూటా నిలకడగా నడిచి ఎరగడు. ఊగడం అలవాటే కనక వాడికి కష్టమనిపించలేదు. బెరార్దో చేతికి కత్తి ఇచ్చి ఒలిచేవాడిగా పక్కన నిలబెట్టారు.

"ఎవడైతేనేం, బొమ్మే కదా," అన్నాడు బెరార్దో.

బొమ్మ పీఠమెక్కింది. చీకట్లోంచి ఒకే ఒక వెలుగు వచ్చి మాసె రొమ్ము మీద పడుతోంది. అడుగున రాతి విగ్రహం తల విరిగి పడి ఉంది. మధ్యలో బెరార్దో, చేతిలో కత్తి, సగం మొహం నీడలో. మొదటి పూజనాడే ఆడవాళ్లు మోకాళ్ల మీద పడి ఏడ్చారు. బయటికొచ్చి చూస్తే మెట్ల మీద ఆ కత్తివాడి మొహమే.

మర్నాడు బెరార్దో రొట్టెలమ్మే వియోలా అంగట్లో రొట్టె అడిగాడు.

"నీకు లేదు మావా. ఆ చేతిడబ్బు ముట్టుకుంటే నా పిల్లలకు తోలు లేచిపోద్ది."

"అది బొమ్మే పిల్లా! ఉత్త రంగులు!"

"రంగులైతే నీ మొహమే ఎందుకొచ్చింది? ఊళ్లో ఇంకెవరికీ మొహాల్లేవా?"

తోళ్లవాళ్లకు నవ్వులాట దొరికింది. "ఏం బెరార్దో, ఎక్కణ్ణించి మొదలెట్టావు? మేమైతే పొట్టకాణ్ణించి మొదలెడతాం. నీకు పని రాదురా!" నవ్వినవాళ్లే చర్చిలో అతని పక్కనుంచి లేచి దూరంగా కూర్చునేవాళ్లు. మాసె నడిచిపోతుంటే మాత్రం గజ్జి పిల్లల్ని తెచ్చి వాడి చొక్కాకు రుద్దేవాళ్లు. ఒకావిడ వాడి చెయ్యి ముద్దుపెట్టుకుంది. ఆ చేతిలో ఆవిడ కోడే ఉంది.

బెరార్దో చిత్రకారుడి దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యా, నా మొహం మార్చండి. గడ్డం పెట్టండి, ముక్కు వంకర చెయ్యండి, మీ పుణ్యముంటుంది."

ఒరాజియో కుంచె కిందపెట్టలేదు. "ఆ వెలుగు దేవుడి కృప. విరిగిన తల అబద్ధపు దేవుళ్లది. కత్తికి నెత్తురు అంటించలేదు చూశావా? నొప్పి ఇంకా రాబోతోందని. ఇవన్నీ ఏ కుర్ర చిత్రకారుడైనా రాస్తాడు. నా బొమ్మ నిలబడింది నీ మొహం మీద. ఒలిచేవాడికి రాక్షసి మొహం పెడితే చూసేవాడు, హమ్మయ్య, వీడు నేను కాదనుకుని ఇంటికెళ్లి భోంచేస్తాడు. నీలాంటి సాధువు మొహం పెడితే, ఆ కత్తి నా చేతిలోనే ఉందని ఏడవాలి."

"ఎవరూ అట్లా ఏడవట్లేదయ్యా. నన్ను రాళ్లుచ్చుకు కొడుతున్నారు."

"అది వాళ్ల విశ్వాసంలో లోపం. నా బొమ్మలో కాదు."

పునీతుడి పండక్కి ముందు ఆదివారం సమాజం కొత్తవాళ్లను ఎంచుకుంటుంది. కుండలో తెల్ల చిక్కుడుగింజ వేస్తే రమ్మని, నల్లది వేస్తే పొమ్మని. బెరార్దో పేరుమీద పెట్టిన కుండ బోర్లిస్తే బల్లంతా నల్లబడింది. సమాజం పెద్ద దోన్ ఫెరాంతె అతని భుజం మీద, సరిగ్గా ఆ జారిన భుజం మీదే, చెయ్యేశాడు.

"నీమీద నాకేం కోపం లేదోయ్. జనానికి మనసు విరిగింది. పండగనాడు బొమ్మ ముందు మోకరించి, ఒలిచింది నేనేనని అందరూ వినేట్టు ఒప్పుకో. పశ్చాత్తాపపడినవాణ్ణి ఎవరు కాదంటారు?"

బెరార్దో ప్రతి శనివారం చర్చి గురువుకు పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చేసే మనిషి. గురువుకు ఎన్నడూ ఒక్క అబద్ధం చెప్పలేదు. ఉన్న పాపాలు తక్కువై నీళ్లు నమిలేవాడు తప్ప, లేనిది కల్పించి చెప్పలేదు. వారమంతా లెక్కేశాడు. కార్మోసినా పక్కన చోటు ఒకవైపు, అబద్ధం ఒకవైపు. ఎటు తూచినా చోటే బరువు తూగింది.

పండగనాడు మోకరించాడు. "నేనే ఒలిచాను. ఆయన నాకేసి చూస్తూ ఉండగానే ఒలిచాను."

చర్చి గొల్లుమంది. ఒక ముసలామె వచ్చి అతని బట్టతల మీద ఉమ్మింది. అతను తుడుచుకోలేదు. అదీ లెక్కలో వస్తుందనుకున్నాడు. ఆమె వెనక మరో ఇరవైమంది వరస కట్టారు.

పూజయ్యాక సమాజం గదిలోకి వెళ్తే దోన్ ఫెరాంతె లేచి నిలబడ్డాడు.

"నిన్ను క్షమించాం, బెరార్దో. మనసారా క్షమించాం. కానీ ఒలిచినవాణ్ణి, ఒలిపించుకున్న మహానుభావుడి పాదాల కింద ఎట్లా పెడతాం చెప్పు?"

"మీరే కదయ్యా చెప్పమన్నారు! అది జరగలేదని మీకూ తెలుసు!"

"జరగలేదా? అయితే పండగనాడు పునీతుడి ముందు అబద్ధమాడావన్నమాట. అది ఇంకా ఘోరం." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. "ఎటు తిప్పినా నీకిక్కడ చోటు లేదోయ్. దీపస్తంభాలు మాత్రం వచ్చే ఏడూ నువ్వే మొయ్యాలి, అంత బరువు మావాళ్లు ఎత్తలేరు."

ఆ పూటే మరో మనిషిని ఎంచుకున్నారు. కుండలో ఒక్క నల్లగింజ లేదు. సాయంత్రం మాసె రేవుకొచ్చి పీపా మీద కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది మొహం కడుక్కున్నాడు.

"నేనడగలేదురా. వాళ్లే ఇచ్చారు."

"ఎక్కడిచ్చారు?"

మాసె సముద్రంకేసి చూశాడు. "మీ ఆవిడ పక్కన ఖాళీ ఉందట. వేరే చోటు లేదట."

బెరార్దో పీపా కట్లు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాడు.

"ఒరేయ్ మాసె. కార్మోసినాకు ఎడమ చెవి బొత్తిగా వినబడదు. కుడిదీ అంతంతమాత్రం. చచ్చినవాళ్లను లేపే కడబూర ఊదినప్పుడు అందరూ లేచి వెళ్లిపోతే, అది అట్లాగే పడుకుని ఉంటుంది. కాస్త భుజం తట్టి లేపు."

మాసె ఆవలించాడు.

"సరేలేరా. అప్పటికి గుర్తుంటే చూద్దాం."